పద్నాలుగో క్లాజు, రెండో మెట్టు

విజయనగరం,
జూన్ నెలాఖరు.

శ్రీమతి జ్యోతిర్మయి గారికి మాధవీలత నమస్కరించి రాయునది.

మా అద్దకం షెడ్డు నుంచి బిలాస్‌పూర్‌లోని మీ కుట్టు హాలుకు పంపిన ఎర్ర గుడ్డ గురించి మన మధ్య వచ్చిన తగవు ఫోనులో తేలేది కాదని అర్థమైంది. ఆ గుడ్డతో మీరు కుట్టిన చేతి జెండాలు మొదటి వానకే గులాబీ రంగుకు తిరిగాయని రైల్వే వారు సరుకంతా వెనక్కి పంపారు. రంగు తక్కువ వేశానని మీరు అంటున్నారు. వ్యాపార్ విహార్‌లో మీ గోదాము చెమ్మకు గుడ్డ పాడైందని నేను అంటున్నాను. ఇన్నేళ్ళూ నేను అద్దితే మీరు కుట్టారు. ఇలాంటి మాట ఎప్పుడూ రాలేదు.

మన ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉంది కనుక తీర్పరిగా విశాఖపట్నంలో ఒక రిటైర్డ్ జడ్జి గారి పేరు మా లాయరు మైత్రి సూచిస్తోంది. నోటీసు వేరుగా వస్తుంది. మీరూ నేనూ హాజరు కానక్కర్లేదు. లాయర్లు కంప్యూటరు తెర మీదే మాట్లాడుకుంటారు. ఎవరికీ ప్రయాణం శ్రమ ఉండదు.

అప్పయమ్మ గారికి నా నమస్కారాలు చెప్పగలరు.

ఇట్లు,
మాధవీలత


బిలాస్‌పూర్,
జులై మొదటి వారం.

ఒసే మాధవీ,

ఉత్తరం చదివి కవరు తిరగేసి చూశాను, ఇంకెవరిదో నాకు వచ్చిందేమోనని. 'మీరు' ఏమిటే? 'అప్పయమ్మ గారు' ఏమిటి? మీ అమ్మ పోయాక నీకు జడ వేసి, నా కంచంలోనే నీకూ అన్నం కలిపిన మనిషి ఆవిడ. నీ నమస్కారం అందజేశాను. "ఏటే, అది నమస్కారాలెట్టేంత పెద్దదైపోనాదేటి?" అంది అమ్మ.

ఫోను ఎత్తవు. అందుకే ఉత్తరం.

నోటీసు అందింది. మా లాయరు విశ్వనాథం గారికి చూపించాను. ఆయన మన ఒప్పందం తెప్పించుకుని పద్నాలుగో క్లాజు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "ఇది ఎవరు రాశారమ్మా?" అన్నారు. మేమిద్దరమే అన్నాను. గుర్తుందా? కోర్టు వరండాలో టైపు కొట్టే ముసలాయన మధ్యలో చేతులు ఆపేసి, "మేడమ్, యే క్యా లిఖవా రహీ హో?" ఇదేం రాయిస్తున్నారమ్మా అని నెత్తి కొట్టుకున్నాడు. నువ్వు మాత్రం ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు.

ఏం రాశామో మరిచిపోయినట్టున్నావు, చెబుతాను. బండి పట్టాలు తప్పినప్పుడు ఇంజను వాళ్ళు, పట్టాల వాళ్ళు, బోగీల వాళ్ళు అక్కడే నిలబడి చూసి ఒకే కాగితం మీద జాయింట్ నోట్ రాస్తారు. ఒప్పుకోనివాడు కింద డిసెంట్ రాస్తాడు. మీ నాన్న సింహాచలం బాబాయి ఇంజను పక్షం, మా నాన్న సూర్యం పట్టాల పక్షం. యార్డులో ఒకరినొకరు తిట్టుకుని, ఒకే నోటు మీద సంతకాలు చేసి, సాయంత్రం ఇక్కడి రైల్వే కాలనీలో మా క్వార్టరు గుమ్మంలో ఒకే పళ్ళెంలో పకోడీలు తినేవారు. మనకు తెలిసిన న్యాయం అదే. అదే టైపు కొట్టించాం.

మొదటి మెట్టు: సరుకులో తేడా వస్తే భాగస్వాములిద్దరూ స్వయంగా సరుకు దగ్గర నిలబడి, పగటి వెలుగులో చూసి, జాయింట్ నోట్ రాయాలి. రెండో మెట్టు: నోటు రాసిన నెలలోపు ఎవరైనా డిసెంట్ రాస్తే, ఇద్దరూ అప్పయమ్మ దగ్గర కూర్చుని, ఆవిడ పెట్టింది తిని, అప్పుడు మాట్లాడాలి. మూడో మెట్టు: అప్పటికీ కుదరకపోతేనే ఆర్బిట్రేటరు.

నువ్వు ఒక్క గెంతులో మూడో మెట్టు ఎక్కేశావు. దిగు. రెండేళ్ళయింది నువ్వు ఇటు రాక. గుడ్డ ముట్టుకోకుండా అలాగే ఉంచాను, వచ్చి చూడు.

నీ
జ్యోతి


విజయనగరం,
జులై మూడో వారం.

జ్యోతిర్మయి గారికి,

మీ అభ్యంతరం మైత్రికి చూపించాను. ఆమె మాటలే రాస్తున్నాను. ముందు కూర్చుని మాట్లాడుకోవాలన్న షరతులు చాలా ఒప్పందాల్లో ఉంటాయట. ఇద్దరూ ఇంత బిగుసుకున్నాక వాటిని పట్టుకు వేలాడడం తంతు తప్ప మరేమీ కాదట. పైగా రెండో మెట్టులోని పెద్దమనిషి మీ సొంత తల్లి. ఆవిడ మధ్యవర్తి ఎలా అవుతారు? భోజనం షరతుగా ఉన్న వ్యాపార ఒప్పందాన్ని మైత్రి ఇంతవరకు చూడలేదట, చాలాసేపు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ వాక్యం నేను చెబుతుంటే నువ్వు పక్కన నిలబడి అప్పడం నములుతున్నావు, ఆ చప్పుడు కూడా గుర్తుంది. కానీ అప్పుడు మనకు ముప్పై ఏళ్ళు. ఎప్పటికీ పోట్లాడుకోం అన్న ధీమాతో పోట్లాట గురించి రాశాం.

ఆర్బిట్రేటరును నియమించమని హైకోర్టులో పిటిషను వేస్తున్నాం. మీ ఊళ్ళోనే కోర్టు కనుక మీకు అనుకూలమే. నేను రాను. మైత్రి వస్తుంది.

గోదాము పైరేకు కారుతుందని నువ్వే ఒకసారి అన్నావు. అది కూడా పిటిషనులో రాశాం.

మాధవీలత


బిలాస్‌పూర్,
ఆగస్టు.

మాధవీ,

పై వరుసలో 'గారు', కింది వరుసలో 'నువ్వు'. మొదలుపెట్టినంత గట్టిగా ముగించలేవు నువ్వు, చిన్నప్పటి నుంచీ అంతే.

నిన్న మీ పిటిషను విన్నారు. చకర్‌భాటా దారిలో కోర్టు దాకా ఆటోలో తడుస్తూ వెళ్ళాను. మీ మైత్రి బాగా మాట్లాడింది, అచ్ఛా పిల్ల. స్నేహంగా మాట్లాడుకోవాలన్న షరతుకు ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, ఎప్పుడు పూర్తయినట్టు, అలాంటిదాన్ని కోర్టు ఎలా అమలు చేస్తుంది అని అడిగింది. నిజమే కదా, స్నేహాన్ని ఎవరు అమలు చేయగలరు?

అప్పుడు విశ్వనాథం గారు లేచారు. స్నేహంగా ఉండమని మాత్రమే రాసి ఉంటే మైత్రి చెప్పింది సబబే అన్నారు. కానీ ఇందులో ఎవరు రావాలో ఉంది, ఎక్కడ నిలబడాలో ఉంది, ఏం చూడాలో ఉంది, ఏం రాయాలో ఉంది. 'స్వయంగా' అని ఉంది, 'అప్పటికీ కుదరకపోతేనే' అని ఉంది. ఇది తంతు కాదు, ఆర్బిట్రేటరు దగ్గరికి వెళ్ళే దారే ఇది అన్నారు.

జడ్జి గారు క్లాజు తానే పైకి చదివారు. భోజనం దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఏం పెడతారు?" అని అడిగారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం కన్నీళ్ళు వచ్చాయి మాధవీ. మన మాటలు అంత పెద్ద గదిలో, అంత నిదానంగా ఎవరో చదువుతుంటే, పక్కన నువ్వు లేవు.

ఉత్తర్వు ఇది. మీ పిటిషను కొట్టెయ్యలేదు, పక్కన పెట్టారు. ముందు మొదటి మెట్టు పూర్తి చేసి రమ్మన్నారు. అప్పయమ్మ మధ్యవర్తిగా పనికొస్తుందా లేదా అన్నది ఆ అవసరం వచ్చినప్పుడు చూస్తామన్నారు. ఈలోగా గడిచే కాలం వల్ల నీ హక్కుకేమీ నష్టం రాదని కూడా రాశారు, కనుక ఆ భయం లేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అప్పటి నుంచి వీధి తలుపు చప్పుడైతే చాలు, "మాదవొచ్చీసిందేటే? కోర్టోల్లు పంపుతామన్నారు కదే!" అంటోంది. కోర్టు వాళ్ళు మనుషుల్ని జీపులో తెచ్చి దింపుతారనుకుంటోంది. అలా దింపితే ఎంత బాగుండును.

జ్యోతి


విజయనగరం,
ఆగస్టు నెలాఖరు.

జ్యోతీ,

ఉత్తర్వు చూశాను. సరే. కానీ రంగు చూడడానికి నేనే ఎందుకు? మైత్రికి అధికారం రాసిస్తాను. ఆమె నా తరఫున నిలబడి చూసి సంతకం పెడుతుంది. కాదంటే గుడ్డ ముక్క ఒకటి లేబొరేటరీకి పంపు. మిషను చెప్పిందే నోటులో రాసుకుందాం. ఈ కాలంలో కంటితో రంగు తేల్చేవాళ్ళు ఎవరున్నారు?

మా ఆయన రమణబాబుకు సెలవు దొరకదు. ఒంటరిగా రాత్రి ప్రయాణం నావల్ల కాదు. మోకాళ్ళు బాగాలేవు. వానలు కూడా.

నా మీద కోపం వద్దు. రాలేకపోవడం వేరు, రాకపోవడం వేరు.

మాధవి


బిలాస్‌పూర్,
సెప్టెంబరు.

మాధవీ,

ఈసారి 'లత' పోయింది. సంతోషం.

మోకాళ్ళు, వానలు, రమణబాబు సెలవు. ఒకే ఉత్తరంలో మూడు సాకులు రాశావంటే నాలుగోది ఏదో రాయలేదన్నమాట. అడగను.

'స్వయంగా' అన్న మాట నువ్వే పెట్టించావు. ప్రతినిధి కుదరదు అని విశ్వనాథం గారంటున్నారు. నువ్వు రాకపోతే మొదటి మెట్టు నీ వల్లే ఆగినట్టు. అప్పుడు నీ పిటిషను ఎన్నాళ్ళైనా అక్కడే పడి ఉంటుంది. ఇదంతా లాయరు చెప్పమన్నది.

లాయరుకు చెప్పలేనిది నీకు చెబుతాను. నిన్ను చూడాలని ఉంది. ఇందులో న్యాయమూ లేదు, వ్యాపారమూ లేదు. ఆర్బిట్రేటరు ఎవరికి అనుకూలంగా చెప్పినా నాకొకటే. కానీ ఆ తెర మీద మన తగవు తేలిపోతే నువ్వు బిలాస్‌పూర్ రావలసిన పని ఈ జన్మకు ఇంకేమీ మిగలదు. మీ క్వార్టరు పడగొట్టేశారు. బాబాయి లేరు. నువ్వు నా దగ్గరికి రావడానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క కారణం ఆ పద్నాలుగో క్లాజు. అందుకే పట్టుకున్నాను. నిన్ను కోర్టుకీడ్చి మరీ పిలుస్తున్నానని తిట్టుకో, ఫరవాలేదు.

కుట్టు హాలులో నీ కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు అందులో కూర్చోబోతే నా నోట్లోంచి 'అది మాధవిది' అని వచ్చేస్తుంది. మాధవి ఎవరు దీదీ అంటారు. ఏం చెప్పను? మా మీద కేసు వేసిన ఆవిడ అని చెప్పాలా?

కోర్బా బండిలో రా. తెల్లారి ప్లాట్‌ఫారం మీద ఎర్ర జెండా పట్టుకుని నిలబడతాను. ఆ రంగు మీదే కదా తగవు, చూడగానే ఆగుతావు.

జ్యోతి


బిలాస్‌పూర్,
అక్టోబరు.

మాధవీ,

క్షేమంగా చేరావని నీ ఒక్క వాక్యం మెసేజి చూశాను.

జాయింట్ నోట్ నకలు పంపుతున్నాను. మళ్ళీ చదువుకో. 'భాగస్వాములిద్దరూ వ్యాపార్ విహార్ గోదాము పక్క మేడమీద పగటి వెలుగులో సరుకు చూశారు. జెండాల రంగు వెలిసింది. గోదాము పైరేకు కారడం వల్ల గుడ్డకు చెమ్మ తగిలింది. అద్దకంలో లోపమేమీ కనిపించలేదు.' కింద ఇద్దరి సంతకాలు. డిసెంట్ లేదు.

విశ్వనాథం గారు నోటు చూసి నన్ను కోప్పడ్డారు. ఇంత పోరాడి, కోర్టులో నెగ్గి, తప్పంతా మీ నెత్తిన వేసుకుంటారా అన్నారు. రేకు కారడం నిజమేనండీ అన్నాను. ఆ విషయం ఇక వదిలేయ్.

నువ్వు వచ్చావు, అది చాలనుకున్నాను. తీరా వచ్చాక చాలలేదు. బండి దిగి నా పక్క నుంచే నడిచి వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. జెండా చూపిస్తూ నిలబడ్డానే, చూడలేదేమే అంటే, జనంలో కనబడలేదన్నావు. మేడమెట్లు గోడ పట్టుకుని దిగావు. మోకాళ్ళా అంటే అవునన్నావు. సంతకం తడి ఆరకుండానే స్టేషనుకన్నావు. డిసెంట్ లేదు కనుక రెండో మెట్టు లేదు, రెండో మెట్టు లేదు కనుక అప్పయమ్మ ఇంటికి రానక్కర్లేదు. నీ లెక్క సరైనదే. తగవు తీరిపోయింది. అమలు చేయడానికి నా చేతిలో ఇంకేమీ లేదు.

అమ్మ తెల్లవారే లేచి పనసపొట్టు ఆవపెట్టి వండింది, నీకిష్టమని. ఈ ఊళ్ళో ఈ రోజుల్లో పనసకాయ ఎక్కడ దొరికిందని అడగకు, తఖత్‌పూర్ నుంచి వచ్చే కూరగాయల మనిషిని వారం ముందే బతిమాలింది. నేను ఒక్కదాన్నే తలుపు తీసుకుని లోపలికి వస్తే నా వెనక చూసింది. "అదేదే?" అంది. వెళ్ళిపోయిందమ్మా, పని అయిపోయింది అన్నాను. "పనైపోతే తిని ఎల్లాల గాని, ఒట్టినే ఎల్లిపోతారేటే?" అంది. నీ కంచం చాలాసేపు అలాగే ఉంచింది. తరువాత తానే తీసి బోర్లించింది.

నువ్వు అద్దేచోట వెలుగు బాగా ఉండేలా చూసుకో. ఒంట్లో ఎలా ఉందో రాస్తూ ఉండు.

జ్యోతి


విజయనగరం,
అక్టోబరు నెలాఖరు.

జ్యోతీ,

నీ ఉత్తరాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని, భూతద్దంతో చదివాను. ఇన్నాళ్ళూ నీ ఉత్తరాలన్నీ అలాగే చదివాను.

మేడమీద నువ్వు నా చేతికి రెండు జెండాలిచ్చావు. ఒకటి తిరిగొచ్చినది, ఇంకోటి మనం మొదట్లో చేసినది, నువ్వు దాచుకున్నది. "రెండింట్లో ఏది బాగుంది?" అని మామూలుగా అడిగావు. రెండూ ఒకటేగా, మంచి ఎరుపు అన్నాను. కాస్సేపు వీధిలోకి చూశావు. తరువాత కలం తీసి 'గోదాము చెమ్మ' అని రాసి నా ముందు పెట్టావు. నా వేలు పట్టుకుని సంతకం చేయాల్సిన చోట ఆనించావు. అప్పుడే నాకు తెలిసింది, నీకు తెలిసిపోయిందని. అందుకే పారిపోయాను. అప్పయమ్మ పిన్ని ముందు కూర్చుంటే మొదటి ముద్దకే ఏడ్చేసేదాన్ని.

రెండేళ్ళుగా ఇంతే. తెలుపు నాకు పసుపు, గులాబీ నాకు ఎరుపు. తొట్టి దగ్గర నిలబడి 'చాలు, రంగు పట్టింది' అని నేనే చెప్పేదాన్ని. పనివాళ్ళు నా మాట కాదనలేదు, నా కన్ను అంటే వాళ్ళకు అంత నమ్మకం. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎందుకో నీకు వేరే చెప్పాలా? కంటి పరీక్ష తప్పగానే నాన్నను ఇంజను మీంచి దింపి ఇంజన్ల షెడ్డులో దీపాలిచ్చే పనిలో కూర్చోబెట్టారు. కాలనీలో అందరూ జాలిపడ్డారు. ఆ జాలి ఆయన బతికున్నంత కాలం పోలేదు. ఇంజను ఇంట్లో పుట్టినదాన్ని, కళ్ళు తగ్గాయని నోటితో ఎలా చెప్పను? అందుకే తెర మీద ఆర్బిట్రేషన్ కావాలన్నాను. తెర మీదైతే జెండా నా చేతికి ఎవరూ ఇవ్వరు.

డాక్టరుకు చూపించుకున్నాను, మొన్ననే. కంట్లో పొర, శుక్లం అట. చిన్న ఆపరేషనట, రంగులు మళ్ళీ వస్తాయట. పండగ వెళ్ళగానే చేస్తామన్నారు. రెండేళ్ళు ఇంత చిన్నదానికి భయపడ్డానా అని అక్కడే కూర్చుండిపోయాను. కానీ నీ నోటు మాత్రం మింగుడుపడడం లేదు. నా కోసం నువ్వు అబద్ధం రాశావు. మన నాన్నలు పీకలదాకా పోట్లాడుకునేవారు గానీ, జాయింట్ నోట్‌లో లేనిది ఏనాడూ రాయలేదు.

కనుక నెల దాటకుండా ఇది పంపుతున్నాను. ఒక నకలు మైత్రికి, ఒకటి విశ్వనాథం గారికి.

డిసెంట్. జాయింట్ నోట్‌లోని చివరి రెండు వాక్యాలతో నేను ఏకీభవించను. గోదాము చెమ్మ వల్ల రంగు పోలేదు. గుడ్డ నా తొట్టి నుంచి వచ్చినప్పుడే రంగు తక్కువగా ఉంది. అద్దినది నేను, చూసుకోలేకపోయినది నేను. భాగస్వామి జ్యోతిర్మయి నా పట్ల ప్రేమతో రాసినదాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు. భాగస్వాముల మధ్య ఇంకా తగవు ఉన్నందున పద్నాలుగో క్లాజు రెండో మెట్టును తప్పనిసరిగా అమలు చేయవలసిందిగా కోరుతున్నాను. అప్పయమ్మ గారు మధ్యవర్తిగా ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. ఆవిడ నాకూ తల్లే కనుక ఇరుపక్షాలూ సమానం. సంతకం, మాధవీలత.

మైత్రి ఇది చదివి, ఇలాంటి డిసెంట్ ఎవరైనా రాస్తారా ఆంటీ, కేసు మొత్తం పోతుంది అంది. పోనీ అన్నాను.

శనివారం కోర్బా బండి ఎక్కుతున్నాను. రమణబాబు వస్తానన్నారు, వద్దన్నాను. 'స్వయంగా' అని రాసుకున్నాం కదా. పిన్నితో చెప్పు, ఈసారి తినకుండా వెళ్ళనని. పనస దొరకకపోతే ఏదైనా సరే.

ప్లాట్‌ఫారం మీదికి జెండా తేవద్దు, అది నాకు కనబడదు. బండి ఆగగానే పేరు పెట్టి గట్టిగా పిలు. నీ గొంతు వచ్చిన వైపు నడిచి వచ్చేస్తాను.

నీ
మాధవి